ఏరన్ విల్డావ్‌స్కీ: ఏ ముప్పుకు భయపడాలో తేల్చేది ఎవరు?

ఏరన్ విల్డావ్‌స్కీ (1930–1993) అమెరికా రాజనీతి శాస్త్రవేత్త. ప్రభుత్వం డబ్బు ఎలా పంచుతుంది, పంచిన డబ్బు పనిగా ఎందుకు మారదు, ప్రజలు ఒక ముప్పుకు హడలిపోయి మరో ముప్పును ఎందుకు పట్టించుకోరు అన్న ప్రశ్నల మీద ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశాడు. బడ్జెట్ల మీద ఆయన రాసిన పుస్తకం లేకుండా ప్రభుత్వ పాలన పాఠ్యప్రణాళిక ఉండదు. ముప్పుల మీద రాసిన పుస్తకాలు మాత్రం నేటికీ తగాదా పెడుతూనే ఉన్నాయి. ముప్పు అంటే ఇంజనీర్లు, డాక్టర్లు లెక్కగట్టి చెప్పే అంకె మాత్రమేనని అందరూ అనుకుంటున్న రోజుల్లో, అది మొదట రాజకీయ ప్రశ్న అని గట్టిగా వాదించినవాడు ఆయన. ఆ వాదంలో సగం బలంగా నిలిచింది. రెండో సగం అంత బలంగా నిలవలేదు.

ఉక్రెయిన్ నుంచి వలస వచ్చిన యూదు దంపతుల బిడ్డగా న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. బ్రూక్లిన్ కాలేజీలో చదివి, ఫుల్‌బ్రైట్ వేతనం మీద ఆస్ట్రేలియా వెళ్లి వచ్చి, యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశాడు. అప్పట్లో యేల్ రాజనీతి విభాగంలో రాబర్ట్ డాల్, చార్లెస్ లిండ్‌బ్లమ్ లాంటివాళ్లు ఉన్నారు. ప్రభుత్వాలు పెద్ద పెద్ద ప్రణాళికలతో కాకుండా తడుముకుంటూ, చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ నడుస్తాయని లిండ్‌బ్లమ్ 1959లో రాసిన వ్యాసం ఆ రంగంలో ఇప్పటికీ ప్రసిద్ధం. విల్డావ్‌స్కీ తర్వాత రాసిన ప్రతి పుస్తకంలోనూ ఆ ఆలోచన ఏదో ఒక రూపంలో కనబడుతుంది. కొన్నాళ్లు ఓహాయోలోని ఓబర్లిన్ కాలేజీలో పాఠాలు చెప్పి, 1960ల మొదట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణానికి చేరాడు. చివరిదాకా అక్కడే ఉన్నాడు. 1969లో అక్కడ మొదలైన ప్రభుత్వ విధానాల విద్యాలయానికి తొలి డీన్ ఆయనే.

బడ్జెట్టు ఎవరు రాస్తారు?

1964లో వచ్చిన ‘ది పాలిటిక్స్ ఆఫ్ ది బడ్జెటరీ ప్రాసెస్’ ఆయనకు పేరు తెచ్చింది. అప్పటిదాకా బడ్జెట్టు అంటే ఆర్థికవేత్తల సొత్తు. ఏ రూపాయి ఎక్కడ పెడితే ఎక్కువ మేలు జరుగుతుందో తూచి కేటాయించాలని పుస్తకాలు చెప్పేవి. విల్డావ్‌స్కీ ఆ పుస్తకాలు పక్కన పెట్టి అధికారులను, అమెరికా కాంగ్రెస్ సభ్యులను, వాళ్ల సిబ్బందిని కలిసి మీరు నిజంగా ఏం చేస్తారని అడిగాడు. తేలింది ఏమిటంటే, ఎవరూ మొత్తం బడ్జెట్టును తూచరు. నిరుడు ఎంత ఇచ్చారో అది పునాది. దాని మీద కాస్త పెంచడమా, కాస్త కోయడమా అన్నదే చర్చ. శాఖలు వకీళ్లలా వాదిస్తాయి. ప్రతినిధుల సభ కేటాయింపుల కమిటీ ఖజానాకు కాపలా కాస్తుంది. కోత పడ్డ శాఖ సెనేటు దగ్గరకు అప్పీలుకు వెళ్తుంది. ఎవరి పాత్ర వారికి తెలుసు కాబట్టి తగాదా ఏటా ఒక కొలిక్కి వస్తుంది.

మరో ఇద్దరితో కలిసి 1966లో ఆయన ఇదే సంగతిని సమీకరణాల్లోకి ఎక్కించాడు. నిరుటి కేటాయింపు తెలిస్తే ఈ ఏటి కేటాయింపును చాలావరకు ఊహించవచ్చని ఆ వ్యాసం చూపింది. దీనికి వచ్చిన విమర్శలూ తక్కువ కాదు. యుద్ధాలు, మాంద్యాలు, కొత్త సంక్షేమ పథకాలు వచ్చినప్పుడు అంకెలు కొద్దికొద్దిగా కాదు, ఒక్క ఎగురు ఎగురుతాయి. అయితే ఆయన చెప్పిన అసలు సంగతి అంకెల గురించి కాదు. ఎవరికీ పూర్తి జ్ఞానం లేని చోట నిరుటిని పునాదిగా తీసుకోవడం మూర్ఖత్వం కాదనీ, తప్పు చేసినా చిన్న తప్పే చేసి వచ్చే ఏడాది దిద్దుకునే తెలివైన పద్ధతి అదేననీ చెప్పాడు.

డబ్బు లేని దేశాల్లో ఈ పద్ధతి పనిచేయదని 1974లో నేయమీ కైడెన్‌తో కలిసి రాసిన పుస్తకంలో వివరించాడు. అక్కడ కేటాయింపు ఒకటి, విడుదల ఒకటి. నిధులు వస్తాయో రావో తెలియని శాఖలు అంచనాలు పెంచి రాస్తాయి. అది తెలిసిన ఆర్థిక శాఖ అడ్డగోలుగా కోస్తుంది, ఆపుతుంది. దాంతో బడ్జెట్టు ఏడాది పొడవునా మళ్లీ మళ్లీ తయారవుతూనే ఉంటుంది. మన రాష్ట్రాల్లో పెండింగ్ బిల్లుల కోసం ట్రెజరీ చుట్టూ తిరిగిన కాంట్రాక్టరుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఓక్లండ్‌లో ఆగిపోయిన డబ్బు

బర్కిలీ పక్కనే ఓక్లండ్ నగరం. 1966లో ఫెడరల్ ప్రభుత్వ ఆర్థికాభివృద్ధి సంస్థ ఆ ఊళ్లో నల్లజాతి నిరుద్యోగులకు ఉద్యోగాలు కల్పిస్తామని 2.3 కోట్ల డాలర్లు ప్రకటించింది. విమాన సంస్థకు హ్యాంగరు, ఓడరేవుకు టెర్మినలు కడతారు, దాదాపు 3,000 ఉద్యోగాలు వస్తాయి. అందరూ ఒప్పుకున్నారు, డబ్బు మంజూరైంది, వ్యతిరేకించినవాళ్లు లేరు. మూడేళ్ల తర్వాత చూస్తే ఖర్చయింది సుమారు 30 లక్షల డాలర్లు. అందులోనూ చాలా భాగం ఒక ఫ్లైఓవరుకూ, ఆర్కిటెక్టుల ఫీజులకూ పోయింది.

జెఫ్రీ ప్రెస్‌మన్‌తో కలిసి విల్డావ్‌స్కీ రాసిన ‘ఇంప్లిమెంటేషన్’ (1973) ఈ కథే. ఇందులో దుర్మార్గుడు లేడు, అవినీతి కుంభకోణమూ లేదు. పని పూర్తి కావాలంటే ఎన్ని కార్యాలయాలు ఎన్నిసార్లు సరే అనాలో రచయితలు లెక్కబెట్టారు. 70 దాకా తేలాయి. ప్రతి మెట్టు దగ్గరా అనుమతి దొరికే అవకాశం నూటికి 80 అనుకుంటే, 70 మెట్లూ దాటే అవకాశం సుమారు 60 లక్షల్లో ఒకటి. నూటికి 95 అనుకున్నా మొత్తం మీద నూటికి మూడు లోపే. ప్రతి చోటా నూటికి 99 అనుకున్నా సగం కంటే తక్కువే. నిజ జీవితంలో ఒక అనుమతికీ మరో అనుమతికీ సంబంధం ఉంటుంది, జనం దారులు వెతుక్కుంటారు, అందుకే ఈ లెక్క చెప్పినంత ఘోరంగా పరిస్థితి ఉండదని తర్వాతివాళ్లు సరిదిద్దారు. అయినా పథకం ప్రకటించిన రోజునే పని అయిపోయినట్టు మాట్లాడే రాజకీయానికి ఇంత సూటిగా తగిలిన పుస్తకం మరొకటి లేదు.

విల్డావ్‌స్కీ ముప్పుల వైపు తిరగడానికి ఈ రెండు పుస్తకాలే దారి వేశాయి. ప్రభుత్వానికి తెలిసింది కొంచెమే, చేతనయ్యేది ఇంకా కొంచెమే అని తేలాక, ఏ హానీ జరగనివ్వబోమని ప్రభుత్వమే హామీ ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్న వస్తుంది.

క్రాన్‌బెర్రీల పండుగ

ఆ హామీ ఎలా ఉంటుందో ఆయనా, ఆయన విద్యార్థులూ తర్వాత తవ్వితీసిన ఒక పాత ఉదంతం చెబుతుంది. 1959 నవంబరు 9న అమెరికా ఆరోగ్య, విద్య, సంక్షేమ మంత్రి ఆర్థర్ ఫ్లెమింగ్ విలేకరులను పిలిచి, ఒరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాల నుంచి వచ్చిన కొన్ని క్రాన్‌బెర్రీల్లో అమైనోట్రయజోల్ అనే కలుపుమందు అవశేషాలు దొరికాయని చెప్పాడు. ఎలుకలకు పెద్ద మోతాదులో పెడితే ఆ మందు థైరాయిడ్ క్యాన్సరు తెచ్చింది. జంతువుల్లో క్యాన్సరు తెచ్చే ఏ పదార్థాన్నీ ఆహారంలో కలపకూడదు, మోతాదు ఎంతైనా సరే అని అంతకుముందు ఏడాదే డెలానీ నిబంధన అమల్లోకి వచ్చింది. పండు ఎక్కడిదో తెలియకపోతే కొనకండని మంత్రి సలహా ఇచ్చాడు. థ్యాంక్స్‌గివింగ్ పండుగ పదిహేడు రోజుల్లో ఉంది. ఆ పండుగ విందులో క్రాన్‌బెర్రీ పచ్చడి లేని అమెరికన్ ఇల్లు ఉండదు.

అమ్మకాలు కుప్పకూలాయి. అధ్యక్ష పదవికి పోటీపడబోతున్న ఇద్దరూ అప్పుడు విస్కాన్సిన్‌లో ఓట్ల వేటలో ఉన్నారు. ఆ రాష్ట్రంలో క్రాన్‌బెర్రీ రైతులు ఎక్కువ. రిచర్డ్ నిక్సన్ నాలుగు సార్లు పచ్చడి వడ్డించుకుని తిన్నాడు. జాన్ కెనడీ రెండు గ్లాసుల రసం తాగాడు. తర్వాత పరీక్షల్లో పంటలో చాలా భాగం శుభ్రంగా ఉందని తేలింది. ప్రభుత్వం రైతులకు పరిహారం చెల్లించింది. మనిషి ఎన్ని పండ్లు తింటే ఎలుకకు పెట్టిన మోతాదుతో సమానమన్న లెక్క ఆ హడావుడిలో ఎవరికీ పట్టలేదు.

1960, 70లలో ఇలాంటివి వరుసగా వచ్చాయి: డీడీటీ, సాక్రిన్, లవ్ కెనాల్ రసాయన వ్యర్థాలు, 1979 మార్చిలో త్రీ మైల్ ఐలండ్ అణు ప్రమాదం. అమెరికన్ల ఆయుర్దాయం పెరుగుతోంది, భయం కూడా పెరుగుతోంది. మునుపెన్నడూ లేనంత క్షేమంగా ఉన్న జనం మునుపెన్నడూ లేనంతగా ఎందుకు వణుకుతున్నారన్నది విల్డావ్‌స్కీని పట్టుకుంది.

ఆ ప్రశ్నకు అప్పటికే రెండు జవాబులు ఉన్నాయి. ఇంజనీరు చాన్సీ స్టార్ 1969లో ‘సైన్స్’ పత్రికలో, జనం తమంతట తాము కోరి తెచ్చుకున్న ముప్పును, ఇతరులు నెత్తిన రుద్దిన ముప్పు కంటే దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువైనా భరిస్తారని లెక్కగట్టాడు. పాల్ స్లోవిక్, బరూక్ ఫిషాఫ్ లాంటి మనస్తత్వవేత్తలు, కంటికి కనబడనిది, కొత్తది, ఒక్కసారిగా చాలామందిని చంపేది అయితే అసలు సంఖ్యతో పనిలేకుండా భయం పెరుగుతుందని ప్రయోగాలు చేసి చూపారు. విల్డావ్‌స్కీకి ఈ రెండూ చాలలేదు. అణు విద్యుత్తు అందరికీ కొత్తదే, కనబడనిదే. మరి సగం మంది దానికి భయపడి, సగం మంది భయపడకపోవడం ఎందుకు?

మేరీ డగ్లస్‌తో జత

1977లో ఆయన రస్సెల్ సేజ్ ఫౌండేషన్ అధ్యక్షుడిగా న్యూయార్క్ వెళ్లాడు. పదవి ఎంతో కాలం నిలవలేదు గానీ, అక్కడే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్‌తో కలిసి పనిచేసే అవకాశం దొరికింది. అప్పటికే ఆమె శుచి, అశుచి నమ్మకాల మీద ‘ప్యూరిటీ అండ్ డేంజర్’ (1966) రాసి పేరు పొందిన మనిషి. ఇద్దరూ కలిసి 1982లో ‘రిస్క్ అండ్ కల్చర్’ ప్రచురించారు.

పుస్తకం మొదట్లోనే కాంగోలోని లెలె ప్రజల ఊసు వస్తుంది. డగ్లస్ వాళ్ల మధ్య ఉండి పరిశోధన చేసింది. జ్వరాలు, క్షయ, కుష్ఠు లాంటి రోగాలన్నీ వాళ్లను పీడిస్తున్నాయి. వాళ్లు మాత్రం ముఖ్యంగా మూడింటికి భయపడేవారు: పిడుగుపాటు, సంతానం లేకపోవడం, ఊపిరితిత్తుల జబ్బు ఒకటి. ఈ మూడూ వచ్చినప్పుడు ఎవరో తప్పు చేశారని, ఎవరో చేతబడి చేశారని నింద వేసే వీలుంది. భయం వెనుక నింద ఉంటుందని, నింద వెనుక సమాజం కాపాడుకోవాలనుకునే కట్టుబాటు ఉంటుందని రచయితలు అన్నారు. ఆధునిక అమెరికా కూడా అంతే చేస్తోందన్నారు. ముప్పులు లెక్కలేనన్ని. అన్నింటికీ ఒకేసారి భయపడటం ఎవరి తరమూ కాదు. వేటికి భయపడాలో ఎంచుకోవడంలో మనం ఎలాంటి సమాజం కోరుకుంటున్నామో బయటపడుతుంది.

దీన్నే తర్వాత మైకేల్ థాంప్సన్, రిచర్డ్ ఎల్లిస్‌లతో కలిసి నాలుగు జీవన విధానాల సిద్ధాంతంగా 1990లో విస్తరించాడు. గుంపు మనిషిని ఎంత పట్టి ఉంచుతుంది, నియమాలు ఎంత బిగుతుగా ఉన్నాయి అన్న రెండు కొలతలను కలిపితే నాలుగు రకాల మనుషులు తేలతారు. పెద్దలు, నిపుణులు చెప్పినట్టు ఎవరి స్థానంలో వాళ్లుంటే అంతా సవ్యంగా ఉంటుందనేవాళ్లు మొదటి రకం. వాళ్లకు అల్లర్లు, నేరాలు, క్రమశిక్షణ తప్పడం భయం. ఎవరి బేరం వాళ్లు కుదుర్చుకోనివ్వండి అనే వ్యక్తివాదులకు వ్యాపారం దెబ్బతినడం భయం. అందరూ సమానమనే సమతావాదులకు పెద్ద కంపెనీలు, పెద్ద యంత్రాలు, కాలుష్యం భయం. ఏం చేసినా మన చేతుల్లో ఏముంది అనుకునే విధివాదులు ఏ సభకూ రారు, ఏ కమిటీలోనూ ఉండరు. ప్రకృతి గురించి కూడా నలుగురివీ నాలుగు నమ్మకాలు. ఎంత కదిపినా సర్దుకుంటుందని వ్యక్తివాది, కాస్త తాకితే చెడిపోతుందని సమతావాది, హద్దులో ఉంటే ఫర్వాలేదని మొదటి రకం, అది ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదని విధివాది. ఈ నాలుగు బొమ్మలనూ వాళ్లు పర్యావరణ శాస్త్రవేత్త హోలింగ్ దగ్గర అరువు తెచ్చుకున్నారు.

కార్ల్ డేక్‌తో కలిసి 1990లో ప్రచురించిన సర్వేలో, మనిషికి ఎంత తెలుసు, ఎలాంటి స్వభావం అన్నదాని కంటే ఏ జీవన విధానం వైపు మొగ్గుతాడన్నదే భయాలను బాగా చెప్పగలుగుతోందని తేల్చారు. స్వీడన్ మనస్తత్వవేత్త లెనార్ట్ షోబెరి ఈ లెక్కలను తిరగేసి, ఈ సిద్ధాంతం వివరించగలిగేది భయాల్లోని తేడాల్లో స్వల్ప భాగమేనని విమర్శించాడు. నాలుగు గడుల్లో మనుషులను ఇరికించడం అతి అని చాలామందికి అనిపించింది, అందులో నిజం లేకపోలేదు. ఇంకా గట్టి విమర్శ వేరే ఉంది. ‘రిస్క్ అండ్ కల్చర్’లో పర్యావరణ ఉద్యమకారుల భయాలకు సామాజిక కారణాలు వెతికారు గానీ, కంపెనీ యజమానుల ధీమాకు అదే పరీక్ష పెట్టలేదు. భయం ఎంచుకున్నదైతే, నిర్భయం కూడా ఎంచుకున్నదే కదా.

తప్పు చేయనిస్తేనే భద్రత

1979లో రాసిన ఒక వ్యాసానికి ఆయన పెట్టిన పేరు, ముప్పు లేకపోవడమే అన్నింటికంటే పెద్ద ముప్పు అన్న అర్థం ఇస్తుంది. తొమ్మిదేళ్ల తర్వాత ‘సెర్చింగ్ ఫర్ సేఫ్టీ’ (1988) ఆ వాదాన్ని పూర్తిగా విప్పింది. ఆయన పుస్తకాల్లో దీన్నే మొదట చదవాలి.

హానిని ఎదుర్కోవడానికి రెండు దారులు ఉన్నాయంటాడు. ఒకటి ముందుగా పసిగట్టి ఆపడం. రెండోది దెబ్బ తగిలాక తట్టుకుని లేవడం. మొదటిది కావాలంటే ఏం రాబోతోందో తెలియాలి. తెలియని చోట ముందుజాగ్రత్త పేరుతో డబ్బంతా ఊహించిన ముప్పు మీద పోస్తే, ఊహించనిది వచ్చినప్పుడు చేతిలో ఏమీ మిగలదు. పైగా ఏ వస్తువులోనైనా మేలు, కీడు కలిసే ఉంటాయి. టీకా లక్షల మందిని కాపాడుతుంది, కొందరికి హాని చేస్తుంది. హాని లేదని నిరూపించాకే అనుమతి అంటే కీడుతో పాటు మేలు కూడా ఆగిపోతుంది. అణు విద్యుత్ కేంద్రాల మీద రాసిన అధ్యాయంలో, భద్రతా పరికరాలు ఒకదాని మీద ఒకటి చేర్చుకుంటూ పోతే కేంద్రం నిజంగా క్షేమమవుతుందా అని ప్రశ్నించాడు. ప్రతి అదనపు పరికరమూ యంత్రాన్ని మరింత జటిలం చేస్తుంది, చెడిపోవడానికి మరో చోటు ఇస్తుంది.

1976 నాటి పందుల ఫ్లూ టీకా ఈ వాదానికి బాగా అమరే ఉదంతం. న్యూజెర్సీ సైనిక శిబిరం ఫోర్ట్ డిక్స్‌లో ఒక సైనికుడు చనిపోగానే, 1918 నాటి ఫ్లూ మహమ్మారి మళ్లీ వస్తోందని నిపుణులు భయపడ్డారు. అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ దేశమంతటికీ టీకా వేస్తామని ప్రకటించాడు. 4 కోట్ల మందికి పైగా వేశారు. మహమ్మారి రాలేదు. టీకా వేయించుకున్న కొందరిలో గిలాన్-బారే అనే నరాల జబ్బు కనబడటంతో డిసెంబరులో ఆపేశారు. ఈ ఉదంతం మీద మరో రాజనీతి శాస్త్రవేత్త రిచర్డ్ న్యూస్టాట్, వైద్యుడు హార్వే ఫైన్‌బర్గ్ కలిసి 1978లో ఇచ్చిన నివేదిక, తెలియనితనాన్ని దాచిపెట్టి అంతా తెలిసినట్టు నిర్ణయం తీసుకోవడమే దెబ్బతీసిందని చూపింది. ఒకవేళ మహమ్మారి వచ్చి ఉంటే ఫోర్డ్ వీరుడయ్యేవాడన్నది కూడా మరిచిపోకూడదు.

ఇక్కడే ప్రజాస్వామ్యం వస్తుంది. ముందుగానే అన్ని హానుల్నీ ఆపాలంటే ఒక కేంద్రం అన్నింటినీ గమనించాలి, అనుమతించాలి, నిషేధించాలి. తప్పుల్ని చిన్నవిగా జరగనిచ్చి దిద్దుకోవాలంటే నిర్ణయాలు చాలా చోట్ల, చాలామంది చేతుల్లో ఉండాలి. విల్డావ్‌స్కీ దృష్టిలో ఎన్నికలు, మార్కెట్లు, పత్రికలు, స్థానిక ప్రభుత్వాలు అన్నీ తప్పును పట్టుకునే యంత్రాంగాలే. అలాంటి సమాజం సంపదను పోగుచేస్తుంది, సంపద ప్రాణాలు కాపాడుతుంది. ఒకే తీవ్రత గల భూకంపం బీద దేశంలో వేలమందిని చంపి, ధనిక దేశంలో పదుల మందితో ఆగిపోవడం ఆయన తరచూ చెప్పే మాట.

అయితే ముందుజాగ్రత్త ఎప్పుడూ వద్దని ఆయన అనలేదు. ఏం వస్తుందో, ఎలా వస్తుందో బాగా తెలిసినప్పుడు ముందుగా ఆపడమే మేలని స్పష్టంగా రాశాడు. ఆయన అనుచరులు ఈ మాటను సౌకర్యంగా వదిలేస్తుంటారు. తెలుగువాళ్లకు దీనికి రుజువు సముద్రం ఒడ్డునే ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో దాదాపు 10,000 మంది చనిపోయారు. ఆ తర్వాత తీరం వెంబడి తుపాను షెల్టర్లు లేచాయి, హెచ్చరికలు మెరుగయ్యాయి. 1990 మేలో కృష్ణా డెల్టాను కొట్టిన భారీ తుపానుకు చనిపోయినవారు వెయ్యి లోపు. తీరాన్ని ముందే పెద్ద ఎత్తున ఖాళీ చేయించడం ఇందులో ముఖ్య కారణం. ఒడిశాలోనూ ఇంతే. 1999 పెనుతుపానులో దాదాపు 10,000 మంది, 2013 ఫైలిన్‌లో కొన్ని పదుల మంది. ఈ రాష్ట్రాలు ఆ మధ్యలో కాస్త సంపన్నమైన మాట నిజమే. కానీ ప్రాణాలు నిలిపింది ముఖ్యంగా రాడారు, బస్సు, షెల్టరు, వాటిని కదిలించిన కలెక్టరు కార్యాలయం.

తప్పుకు ధర ఎవరిది?

‘సెర్చింగ్ ఫర్ సేఫ్టీ’లో పెద్ద లోటు ఒకటి ఉంది. తప్పు చేసి నేర్చుకోవడం మంచిదే. చేసేవాడొకడు, దెబ్బ తినేవాడొకడు అయితే నేర్చుకునేది ఎవరు? 1984 డిసెంబరు 2–3 రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేటు గాలిలో కలిసినప్పుడు చనిపోయింది ఫ్యాక్టరీ పక్క బస్తీల వాళ్లు. ఫ్యాక్టరీలో భద్రతా పరికరాలు ఆపేయాలని నిర్ణయించినవాళ్లు అక్కడ లేరు. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. సంపద ప్రాణం కాపాడుతుందన్న మాట అక్కడి జనానికి ఏ రకంగా వర్తిస్తుందో విల్డావ్‌స్కీ సిద్ధాంతంలో సరైన జవాబు దొరకదు. సంపద దేశానికి పెరుగుతుంది, విషం బస్తీ మీద పడుతుంది.

ఓటరు తప్పును పట్టుకుంటాడన్న నమ్మకమూ తర్వాతి పరిశోధనల్లో బీటలు వారింది. ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా 2009లో అమెరికా కౌంటీల ఎన్నికల ఫలితాలను విపత్తు ఖర్చులతో పోల్చి చూశారు. విపత్తు వచ్చాక సహాయం పంచిన అధ్యక్షుడి పార్టీకి ఓట్లు పెరిగాయి. విపత్తు రాకముందు ముందుజాగ్రత్తకు ఖర్చు పెడితే ఓట్లేమీ రాలేదు. ముందుజాగ్రత్తకు పెట్టిన ఒక్కో డాలరు తర్వాతి నష్టాన్ని సుమారు 15 డాలర్ల మేర తగ్గిస్తుందని వాళ్లే లెక్కగట్టారు. క్రిస్టఫర్ ఏకెన్, లారీ బార్టెల్స్ ఇంకా ముందుకెళ్లి, 1916లో న్యూజెర్సీ తీరంలో సొరచేపల దాడుల తర్వాత అక్కడి జనం అధ్యక్షుడు ఉడ్రో విల్సన్‌కు ఓట్లు తగ్గించారన్నారు. ఆ లెక్క నిలవదని 2018లో ఆంథనీ ఫౌలర్, ఆండ్రూ హాల్ సవాలు చేశారు. సొరచేపల సంగతి ఎలా తేలినా, హీలీ, మల్హోత్రాల ఫలితం మాత్రం ఏ జిల్లా కలెక్టరుకూ కొత్తగా అనిపించదు.

ఇంకో దారిలో జేకబ్ హ్యాకర్ ‘ది గ్రేట్ రిస్క్ షిఫ్ట్’ (2006)లో, అమెరికాలో పింఛను, ఆరోగ్య బీమా, ఉద్యోగ భద్రతల భారం యజమానుల నుంచి, ప్రభుత్వం నుంచి జారి కుటుంబాల మీద పడిందని చూపాడు. విల్డావ్‌స్కీ ముప్పును ఎవరు ఎంచుకుంటారని అడిగితే, హ్యాకర్ దాన్ని ఎవరు మోస్తారని అడిగాడు. రెండో ప్రశ్న లేకుండా మొదటిది సగమే. బ్రిటన్‌లో క్రిస్టఫర్ హుడ్, హెన్రీ రాత్‌స్టీన్, రాబర్ట్ బాల్డ్విన్ ‘ది గవర్నమెంట్ ఆఫ్ రిస్క్’ (2001)లో, ఒకే ప్రభుత్వం వేర్వేరు ముప్పులను ఎందుకు పొంతన లేకుండా నియంత్రిస్తుందో పరిశీలించారు. నిందను తప్పించుకోవడానికి అధికారులు ఎన్ని ఎత్తులు వేస్తారన్నదాని మీద హుడ్ ఆ తర్వాత ఒక పుస్తకమే రాశాడు.

చివరి పుస్తకం, ఆ తర్వాత

విల్డావ్‌స్కీ 1993 సెప్టెంబరులో ఊపిరితిత్తుల క్యాన్సరుతో చనిపోయాడు. 1985–86లో అమెరికన్ రాజనీతి శాస్త్ర సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. బైబిలులోని మోజెస్ నాయకత్వం మీద, జోసెఫ్ పాలన మీద కూడా పుస్తకాలు రాశాడు. చనిపోయిన రెండేళ్లకు వచ్చిన ‘బట్ ఈజ్ ఇట్ ట్రూ?’ (1995) విద్యార్థులతో కలిసి చేసిన పని. క్రాన్‌బెర్రీ నుంచి ఏజెంట్ ఆరెంజ్ కలుపుమందు, పాఠశాలల్లో ఆస్బెస్టాస్, ఆమ్ల వర్షం, భూతాపం దాకా ఒక్కో భయాన్నీ తీసుకుని, శాస్త్రీయ పత్రాలు సామాన్యుడు కూడా చదివి తేల్చుకోగలడని నిరూపించాలన్నది ఆశయం. ఆశయం గొప్పది. ఫలితాలు మాత్రం అసమానం. పాఠశాలల గోడల్లో చెక్కుచెదరకుండా ఉన్న ఆస్బెస్టాస్‌ను తవ్వి తీయడం కంటే కదపకుండా ఉంచడం మేలన్న మాట నిలిచింది. ఆస్బెస్టాస్ కంపెనీలు కార్మికులకు ప్రమాదాన్ని ఏళ్ల తరబడి దాచిన చరిత్ర మరో పక్క ఉంది. భూతాపం అతిశయోక్తి అన్న తీర్పు పూర్తిగా తప్పయింది. ఇతరుల భయాల వెనుక వాళ్ల జీవన విధానం ఉందని చూపిన మనిషి, తన అనుమానాల వెనుక తన వ్యక్తివాదం ఉందేమోనని భూతాపం అధ్యాయంలో తగినంత అడగలేదు.

యేల్ న్యాయశాస్త్ర ఆచార్యుడు డాన్ కాహన్ ఆ ప్రశ్న అడిగాడు. 2012లో ఆయన బృందం ప్రచురించిన సర్వే ప్రకారం, సైన్సు, లెక్కలు బాగా తెలిసినవాళ్ల మధ్యే వాతావరణ మార్పు గురించి విభేదాలు మరింత తీవ్రంగా ఉన్నాయి. చదువు పెరిగేకొద్దీ భయాలు ఒక చోటికి రావడం లేదు, ఎవరి వర్గం వైపు వాళ్లు ఇంకా బలంగా వాదించడానికి అది పనికొస్తోంది. డగ్లస్, విల్డావ్‌స్కీల సిద్ధాంతానికి ఇంతకంటే పదునైన సాక్ష్యం మళ్లీ రాలేదు, అది విల్డావ్‌స్కీ స్వయంగా పట్టుకున్న పక్షానికి వ్యతిరేకంగా వచ్చినా సరే.

భారతదేశంలో ఈ తగాదా జన్యుమార్పిడి పంటల దగ్గర బాగా కనబడుతుంది. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి తెలంగాణ, ఆంధ్ర పొలాలను కొన్నేళ్లలోనే నింపేసింది. తర్వాత బీటీ వంకాయను శాస్త్రీయ కమిటీ ఆమోదించినా, పర్యావరణ మంత్రి జైరామ్ రమేశ్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి 2010 ఫిబ్రవరిలో ఆపేశాడు. అదే వంకాయను బంగ్లాదేశ్ 2013లో అనుమతించింది. 2022 అక్టోబరులో జన్యుమార్పిడి ఆవాలకు పర్యావరణ ఆమోదం దొరికితే, ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2024 జులైలో ఇద్దరు న్యాయమూర్తులు భిన్న తీర్పులు ఇచ్చి విస్తృత ధర్మాసనానికి వదిలారు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఏకమయ్యారు: రైతులు, రాష్ట్రాలు, నిపుణులు సహా అందరినీ సంప్రదించి కేంద్రం ఒక జాతీయ విధానం తయారు చేయాలన్నారు.